కాలు పోయిన నాన్న, ఆగిపోయిన భరణం: కడపలో నా అనుభవం

మాకు విడాకులైనప్పుడు పిల్లలిద్దరికీ చెరి మూడు వేలు, మొత్తం నెలకు 6,000 ఇవ్వమని 2022లో కోర్టు ఆర్డరిచ్చింది. ఆయన మొదట్లో సరిగానే పంపాడు. తర్వాత ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి కాలు తీసేశారు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) నుంచి అంగవైకల్యం కింద నెలనెలా డబ్బు వస్తోంది గానీ పిల్లలకు పంపడం మాత్రం ఆగిపోయింది.

"కాలు పోయినోని దగ్గర ఇంగేం అడుగుతావు?" అనింది వాళ్లమ్మ. మా బంధువుల్లోనూ చాలామంది అదే మాట. ఆయన కష్టం చూసి నాకూ బాధగానే ఉండింది, ఇప్పటికీ ఉంది. కానీ నేను కుట్టుమిషను మీద సంపాదించేది బాడుగకు, బియ్యానికే సరిపోతుంది. బడి ఫీజు కట్టలేదని పెద్దమ్మాయిని క్లాసులో నిలబెట్టిన రోజే కోర్టుకు పోవాలనుకున్నా.

లాయరుకు ఇచ్చేందుకు డబ్బు లేదు. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వికలాంగులకు కూడా ఆ హక్కు ఉంది కాబట్టి ఆయనకూ ఉచితంగానే లాయరు దొరికాడు. అది న్యాయమే అనిపించింది.

నాకిచ్చిన లాయరు మేడం ముందుగా అడిగింది ఎన్ని నెలల బాకీ అని. పదకొండు నెలలు, 66,000. "వెంటనే వేద్దామమ్మా. ఏ నెల డబ్బయినా బాకీ పడిన ఏడాదిలోపు పిటిషన్ వేయాల. దాటితే ఈ సెక్షన్ కింద వారెంటు రాదు" అనింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్పీసీలో 125గా ఉన్న భరణం సెక్షనే 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. ఏడాది గడువు రెండింట్లోనూ ఉంది. బాకీ ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఈ గడువే.

ఈఎస్ఐ డబ్బులోంచే నేరుగా కోయిస్తారని నేను ఆశపడ్డాను. అలా కుదరదట. ఈఎస్ఐ చట్టం 60వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బును ఏ కోర్టూ జప్తు చేయకూడదు. అదే జీతమైతే భరణం కోసం మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయొచ్చు. ఆ మాట విని నీరుగారిపోయాను. మేడం మాత్రం, "పింఛను వదిలేయమ్మా. ఆయన పేరు మీద ఇంకేముందో చెప్పు" అనింది.

వాళ్ల నాన్న ఆయనకు గిఫ్టు డీడు రాసిచ్చిన ఇంటి ముందు రెండు రూములున్నాయి. మీసేవలో ఈసీ (ఆస్తి రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయించాం, ఆయన పేరే వచ్చింది. రజనేష్, నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలి. ఆయన అఫిడవిట్‌లో ఈఎస్ఐ డబ్బు తప్ప ఇంకేమీ లేదు. వాయిదా రోజు మేడం ఆ కాయితం పక్కన ఈసీ పెట్టి, సర్వే నంబరు కింద పెన్సిలుతో గీత గీసి జడ్జిగారికి అందించింది. ఆయన రెండూ చదువుకుని తలెత్తి, "ఈ రూముల బాడుగ ఎవరు తీసుకుంటున్నారు?" అని అడిగారు. పిల్లల నాన్న చంకకర్రలు పట్టుకుని నిలబడే, "నేనే సార్, ఏడు వేలొస్తుంది" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆ క్షణాన ఆయన మీద గౌరవం కలిగింది.

ఆదాయం తగ్గితే భరణం తగ్గించమని పిటిషన్ వేసుకోవచ్చు గానీ, ఆర్డరు ఉండగా తనంతట తాను ఆపేయడానికి లేదని జడ్జిగారు చెప్పారు. కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకు పోయినా బాకీ తీరదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నేను జైలు అడగలేదు. ఒంటికాలితో ఉన్న మనిషిని లోపల పెట్టిస్తే పిల్లలకు ఒరిగేదేముంది? జరిమానా వసూలు చేసినట్టే కలెక్టరు ద్వారా ఆస్తి మీద రాబట్టే వారెంటు అడిగాం.

వారెంటు వెళ్లాక వాళ్ల తమ్ముడే రాజీకొచ్చాడు. లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. 30,000 అక్కడే ఇచ్చారు, మిగతా 36,000 ఆరు నెలల్లో ఇచ్చేటట్టు రాసుకున్నాం. నెలనెలా ఇచ్చేది 4,500కు తగ్గించడానికి నేను ఒప్పుకున్నాను. కాలు పోయిన మాట నిజమే కదా. ఆ డబ్బును ఆ రూముల్లో బాడుగకున్న మెకానిక్కే పెద్దమ్మాయి ఖాతాలో వేసేటట్టు సంతకాలయ్యాయి. వాయిదా తప్పితే మళ్లీ కోర్టుకు రావచ్చని కూడా రాయించాం.

పాత బాకీ తీరింది. మెకానిక్ నెల మొదటి వారంలో వేస్తున్నాడు. నేను పాస్‌బుక్ ఎంట్రీ వేయించి జిరాక్సు తీసి పెడుతున్నా. పెద్దమ్మాయికి 18 నిండితే ఈ ఆర్డరు ఆమెకు పనిచేయదు. తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురికి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద వేరే కేసు ఉందని మేడం చెప్పింది. ఆ ఏడు కాలేజీ ఫీజు రసీదులు, ఈసీ కాపీ పట్టుకుని మళ్లీ ఆమె దగ్గరికే వెళ్తాను.