మా తమ్ముడి తాగుడు మాన్పించడం: నా అనుభవం

తాగుడు మాన్పించాలంటే గదిలో పెట్టి తాళం వేసేయమని మా ఊళ్లో చాలామంది సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు వైపు. తమ్ముడు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు. రొయ్యలకు ఊపిరాడేలా నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉండాలి. చలికని, నిద్ర ఆపుకోవడానికని మొదలుపెట్టాడు. పోను పోను పొద్దున్నే క్వార్టర్ పడకపోతే చేతులు వణికే దాకా వచ్చింది. అమ్మ ఎవరో చెబితే కూరలో కలిపే పొడి తెప్పించింది. మనిషికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తామని ప్రకటనలు వస్తుంటాయే, అలాంటిది. వాడకముందే నా కంటబడింది కాబట్టి సరిపోయింది.

ఒక ప్రైవేటు సెంటర్‌కి ఫోన్ చేస్తే, మనుషుల్ని పంపి పట్టుకుపోతామని, నెలల తరబడి మేం చూడటానికి రాకూడదని, డబ్బంతా ముందే కట్టాలని చెప్పారు. నాకు మనసొప్పలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి తాగుడు వ్యసనం కూడా వస్తుంది. ఇష్టం లేని మనిషిని అలా ఎత్తుకుపోవడం కుదరదు. నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. అప్పుడైనా మొదటి విడతలో 30 రోజులకు మించి ఉంచకూడదు.

చివరికి వాడే దారికొచ్చాడు. ఒక రాత్రి గుంట గట్టు మీద కాళ్లు చచ్చుబడినట్టై కూలబడ్డాడు. "అక్కా, నా వల్ల కావడం లేదు, యాడికైనా తీసుకుపో" అన్నాడు. 14446 అని వ్యసనాలకు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం. వాళ్లతో మాట్లాడాక నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లాం.

మానసిక వైద్య విభాగంలో డాక్టరమ్మ పది ప్రశ్నలు అడిగారు. వారానికి ఎన్నిసార్లు తాగుతావు, పొద్దున్నే తాగాలనిపిస్తుందా, తాగినప్పటి సంగతులు మర్చిపోతున్నావా, ఇలాంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పరీక్ష అట. మొత్తం 40 మార్కులు, 20 వచ్చిందంటే వ్యసనం ముదిరిందేమో చూడాలి. తమ్ముడు తగ్గించి చెబుతుంటే మరదలు పక్కనుంచి సరిచేసింది. లెక్క 20 దాటిపోయింది. అదే రోజు చేర్చుకున్నారు.

మానేసిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయని, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత మతి భ్రమించి ప్రాణం మీదకు రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. అయినా చూసేసరికి గుండె జారిపోయింది. "ఏరియేటర్లు ఆగిపోయినాయి, సరుకంతా చచ్చిపోతా ఉంది" అని అరుస్తూ మంచం దిగబోయాడు. గోడ మీద పురుగులు ఉన్నాయన్నాడు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వణుకు తగ్గించే మాత్రలు ముందు ఎక్కువ మోతాదులో ఇచ్చి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇంట్లో తాళం వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పంపించేటప్పుడు డైసల్ఫిరామ్ అనే మాత్ర రాశారు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది, ఒక్కోసారి ప్రాణాపాయమే. అందుకే వాడికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే ఇచ్చారు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చట. కూరలో పొడి కలపడం ఎందుకు తప్పో అప్పుడు అమ్మకు అర్థమైంది.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన కొత్త విధానం ప్రకారం మన రాష్ట్రంలో లైసెన్సు దుకాణాలు పొద్దున పది నుంచి రాత్రి పది దాకానే తెరవాలి. తెల్లారి ఆరింటికి డ్యూటీ దిగే మనిషికి పదింటి దాకా సీసా దొరకదంటే అది ఎంత ఆసరానో తాగేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు తెలుసు. ఆ నాలుగు గంటల్లో అన్నం తిని పడుకుంటాడు. కానీ మా వీధి చివర చిల్లర కొట్టులో ఐదింటికే సీసా దొరికేది, పాతిక రూపాయలు ఎక్కువిస్తే చాలు. బెల్టు షాపు పక్కనే ఉంటే ఏ మాత్ర మాత్రం ఎన్నాళ్లు ఆపుతుంది?

మరదలు, నేను, డ్వాక్రా సంఘంలో మరికొందరం కలిసి ఎక్సైజ్ స్టేషన్‌కి అర్జీ పట్టుకెళ్లాం. నోటిమాటకు విలువుండదని ఖాళీ సీసాలు కూడా తీసుకెళ్లాం. మూత మీద ఎక్సైజ్ వాళ్ల లేబుల్ ఉంటుంది, సరుకు ఏ దుకాణానికి పోయిందో దాన్నిబట్టి తీయొచ్చు. బెల్టు షాపుకు సరుకిచ్చిన దుకాణానికి ఐదు లక్షల జరిమానా అని ప్రభుత్వమే ప్రకటించింది. అర్జీకి రసీదు అడిగి తీసుకున్నాం. మొదటిసారి ఎవరూ రాలేదు. మళ్లీ వెళ్లాం, ఈసారి అమ్మ కూడా వచ్చింది.

అమ్మ పుట్టిల్లు కలిగిరి దగ్గర. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి పోయినప్పటి సంగతులు ఆమెకు బాగా తెలుసు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లే ఊరూరా తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. అమ్మ అవన్నీ చెప్పలేదు. "మేం సారా కొట్టే మూయించినాం నాయనా, ఇదెంత" అని అక్కడున్న అధికారితో అంది. ఆ వారమే దాడి జరిగింది, కొట్టు వాడి మీద కేసు పెట్టారు.

ఇప్పుడు సీసా కావాలంటే రోడ్డెక్కి వెళ్లాలి, పది దాటాలి. తమ్ముడికి మాత్రం "పండక్కి కొంచెం తాగరా, మితంగా తాగితే ఏం కాదు" అనేవాళ్లు ఇంకా తగ్గలేదు. వాడికి మితం లేదు. ఆ మాట మరదలు, పిలకాయలు వింటుండగా వాడే చుట్టాలకు చెప్పాడు. రాత్రి కాపలా మానేసి పగలు మేత వేసే పనికి మారాడు. ఆసుపత్రికి వెళ్లాల్సిన తేదీలు క్యాలెండర్‌లో మరదలు రాసి పెట్టింది. నేను రాలేని రోజు వాళ్లిద్దరే పొద్దున బస్సెక్కి వెళ్లొస్తున్నారు.