అత్తయ్య కవర్ల మూట

సెప్టెంబర్ 1, 2025, సోమవారం

తెల్లవారుజామున వరండా రేకుల మీద చినుకుల చప్పుడుకి మెలకువ వచ్చింది. కాలు కిందికి దించి నేల తడిగా ఉందేమోనని చూసుకున్నాను. వాన పడ్డప్పుడల్లా ఏడాదిగా ఇదే వరస. మా ఆయన నవ్వుతారు గానీ, ఆయన మాత్రం ఫోన్ చార్జరు కింది ప్లగ్గులో పెట్టడం మానేశారు.

నిరుడు ఇదే తేదీ ఆదివారం. చర్చిలో పూజకి కట్టుకుందామని ముందు రోజే చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టుకున్నాను. తెల్లారేసరికి విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధి లేదు, బుడమేరు వాగు ఉంది.

ఇవాళ ఆరింటి పూజకి వెళ్ళాను. మామూలు రోజు కాబట్టి ఇరవై మందిమి కూడా లేం. సృష్టి సంరక్షణ కోసం లోకమంతా ప్రార్థన చేసే రోజట ఇది. ఇవాళ్టి నుంచి అక్టోబర్ 4న పునీత అస్సీసి ఫ్రాన్సిస్ గారి పండగ దాకా ఆ ప్రార్థనలే. మొన్న ఏప్రిల్‌లో కన్నుమూసిన ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ఈ రోజును మన కతోలికులకీ పెట్టారని, 'లౌదాతో సీ' అనే లేఖ రాసింది కూడా ఆ ఏడాదేనని ఫాదర్‌గారు చెప్పారు. 'ప్రభూ, మీకు స్తుతి' అని ఆ మాటలకు అర్థం. అస్సీసి ఫ్రాన్సిస్ గారు ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టిన పాటలోవి. తినేంతే వండడం, అక్కర్లేని లైటు ఆర్పడం, చెత్త విడదీయడం, ప్లాస్టిక్ తగ్గించడం... ఇవన్నీ పిల్లలకు ముందు ఇంట్లోనే అలవాటవ్వాలని ఆ లేఖలో ఉందన్నారు.

నాకు ప్లాస్టిక్ ఒక్కటే వినపడింది. ప్రసంగంలోంచి పక్కవాళ్ళకి పనికొచ్చే ముక్కలు ఏరడంలో నేను ఘటికురాలినే.

మా వంటింటి తలుపు వెనక అత్తయ్య కవర్ల మూట ఒకటి ఉంటుంది. కడిగి ఆరేసి మడతపెట్టిన పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు, బట్టల కొట్టు సంచులు, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలప్పుడు మరమరాలు తెచ్చిన కవరు. తలుపు పూర్తిగా తెరుచుకుని ఎన్నాళ్ళయిందో. నేను పూజ నుంచి వచ్చేసరికి చెత్త బండి విజిల్ వినపడింది. అత్తయ్య పెరట్లో కరివేపాకు చెట్టుకి బియ్యం కడిగిన నీళ్ళు పోస్తున్నారు. నేను మూట మొత్తం తీసి పొడి చెత్తలో వేసేశాను.

పక్కింటావిడకి మునగాకు ఇవ్వడానికి కవరు కోసం వచ్చి చూసుకున్నారు.

"ఏం అమ్మాయ్, నా కవర్లేయి?"

"బండికిచ్చేశానత్తయ్యా. ఈ ప్లాస్టిక్కే కదా కాలవలకి అడ్డం పడేది. ఇవాళ గుళ్ళో ఫాదర్‌గారు కూడా అదే చెప్పారు."

"నేను దాచినయ్యి కాలవలోకెట్టా పోతయ్యే? పారేసినయ్యి కదా పోయేది!"

అత్తయ్యది ఫిరంగిపురం. అక్కడి మాట తిన్నగా వస్తుంది, ఆగమన్నా ఆగదు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఊరుకోవచ్చు కదా. "ఇల్లు చెత్తకుండీ అవుతోంది" అన్నాను. ఆవిడ ఇంకేం అనలేదు. మునగాకు పమిట చెంగులో పోసుకుని పక్కింటికి వెళ్ళారు. ఉప్మా గిన్నె మూత తియ్యలేదు.

ఆఫీసుకి వెళ్తూ బుడమేరు వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగాం. కింద గుర్రపుడెక్క, దాంట్లో చిక్కుకున్న కవర్లు. ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడా రాసుకోలేను: వరదకి ముందు, బండి తప్పిపోయిన రోజుల్లో, చెత్త కవరు ముడేసి స్కూటీ ఆపకుండానే ఇదే కాలవలోకి విసిరేదాన్ని. ఎన్నిసార్లో లెక్క చెప్పను.

నా కవరు వల్లే ఊరు మునిగిందని కాదు. ఎగువన కుంభవృష్టి, బుడమేరు మళ్ళింపు కాలవకి గండ్లు, ఆ నీళ్ళు కృష్ణలో కలవాల్సిన వేళకి కృష్ణే నిండి ఉండటం. నిరుడు సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. పైగా ఏరు పొర్లే పల్లంలో ఇళ్ళు కట్టుకున్నాం, మాదీ అందులోదే. భూమి మొర, పేదల మొర రెండూ వినాలని పోపుగారు రాశారట. ఆ పేదల్లో మేము వస్తామో రామో తెలీదు. మా వెనక సందులో రేకుల ఇళ్ళవాళ్ళు మాత్రం వస్తారు. మేము ఫ్రిజ్ మళ్ళీ కొనుక్కున్నాం. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇంకా అప్పే కడుతున్నారు.

మధ్యాహ్నం బాక్సు తింటూ ఫోన్లో ఆ లేఖ వెతికాను. కుటుంబం సంగతి 213వ పేరాలో ఉంది. వస్తువుల్ని సరిగ్గా వాడటం, శుభ్రత, ప్రాణులన్నిటినీ చూసుకోవడం ఇంట్లో నేర్చుకుంటామని మొదలై, అక్కడితో ఆగలేదు. దబాయించకుండా అడగడం, అందుకున్నదానికి మనసారా థాంక్స్ చెప్పడం, కోపాన్నీ అత్యాశనీ అదుపులో పెట్టుకోవడం, ఎవరికైనా కష్టం కలిగిస్తే క్షమాపణ అడగడం, అన్నీ ఆ పేరాలోనే. పొద్దున ఫాదర్‌గారు ఇవి చెప్పలేదో, చెప్పినా నాకు వినపడలేదో.

పెరుగన్నం ముందు పెట్టుకుని నిరుటి రాత్రి గుర్తు చేసుకున్నాను. పై పోర్షన్ వాళ్ళింటికి మెట్లెక్కేటప్పుడు మేము ఫోన్లు, పర్సులు పట్టుకున్నాం. అత్తయ్య తల మీద ఒక్క కవరు పెట్టుకుని ఎక్కారు. రెండు నూనె ప్యాకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి రబ్బరు బ్యాండ్లు చుట్టారు. లోపల ఇంటి కాయితాలు, రేషన్ కార్డు, పిల్లలిద్దరి జ్ఞానస్నానం సర్టిఫికెట్లు. ఒక్క చుక్క తడవలేదు. మూడు రాత్రులు పైన ఉన్నాం. పడవల్లో పాల ప్యాకెట్లు తెచ్చి ఇచ్చేవాళ్ళు. అత్తయ్య ఆ ఖాళీవి కూడా వాన నీళ్ళతో కడిగి పిట్టగోడ మీద ఆరేశారు. చుట్టూ సముద్రంలా నీళ్ళుంటే ఈవిడకిదేం చాదస్తమని అప్పుడూ విసుక్కున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దది నాయనమ్మ పక్కన కూర్చుని చర్చిలో సత్యోపదేశం క్లాసు నోట్సు చదువుతోంది. అదీ ఆ ఎనిమిది వందల ఏళ్ళ పాటే. సూర్యుడు అన్న, చంద్రుడు అక్క, నీళ్ళు చెల్లి, ఉపయోగపడేది, వినయం గలది...

"చెల్లి ఏందే, ఆడపడుచు" అన్నారు అత్తయ్య. "నిరుడు పిలవకుండా వచ్చి, మంచమెక్కి కూర్చుని, వారం పొమ్మన్నా పోలా. ఇంక వినయం!"

పెద్దది పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. అత్తయ్య నా వంక చూడలేదు గానీ మూతి కొంచెం వదులైంది. పిల్ల లేచి వెళ్ళాక పక్కన కూర్చుని, "తప్పయిపోయిందత్తయ్యా, అడిగి తియ్యాల్సింది" అన్నాను. ఆ ఊపులోనే కాలవలో కవర్లు విసిరిన సంగతీ చెప్పేశాను.

కాసేపు నన్నే చూశారు. "అన్నంతో సహానా?"

"ఒక్కోసారి."

"అన్నం పారేసేదానివా!" అన్నారు. కాలవ సంగతి ఎత్తనే లేదు. ఆవిడ లెక్కలో ఏది పెద్ద తప్పో నాకు అర్థమైంది. రాత్రి మా ఆయనకి కూడా వినపడేలా ఇంకోసారి అన్నారు.

పడుకునే ముందు పాలు కాచాను. ప్యాకెట్టు మూల ముక్క ఊడిపోకుండా కత్తిరించి, కడిగి, తలుపు వెనక మేకుకి తగిలించాను. అత్తయ్య మంచినీళ్ళ కోసం వచ్చి చూశారు.

"తలకిందులుగా పెట్టు, నీళ్ళు కారాలిగా" అని, ఆవిడే తీసి తిప్పి పెట్టారు.