టెర్మినల్‌లోనే సొంత నోట్సు: చీట్ సెటప్

ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌లో సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలి ఫైళ్లు మాత్రమే కాపీ అవుతాయి. పెట్టకపోతే అవతల ఆ పేరుతో ఫోల్డరే తయారవుతుంది. ఇలాంటి సంగతులు మ్యాన్ పేజీలో (కమాండ్ మాన్యువల్‌లో) ఉన్నా, పని మధ్యలో వెతికి పట్టుకోవడం కష్టం. కమాండ్ పేరుతో ఒక చిన్న నోట్సు ఫైలు, అంటే షీటు, పెట్టి అందులో రెండు లైన్లు రాసుకుంటే క్షణంలో దొరుకుతాయి. అలాంటి షీట్లను టెర్మినల్‌లోనే చూపించే చీట్ అందుకు చక్కని టూల్. మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజ్ మేనేజర్‌తో (బ్రూ కమాండ్‌తో) వస్తుంది. లినక్స్‌లో గిట్‌హబ్ నుంచి బైనరీ దించి, జీజిప్ విప్పి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే జాబితాలో) ఉన్న ఫోల్డర్‌లో పెడితే చాలు.

మొదటిసారి రన్ చేసినప్పుడు కాన్ఫిగ్ ఫైలు తయారు చేయాలా, ఇతరులు రాసి పంచుకున్న కమ్యూనిటీ షీట్లు దించాలా అని అడుగుతుంది. రెండింటికీ ఎస్ అనండి.

అసలు జాగ్రత్త కాన్ఫిగ్‌లోని చీట్‌పాత్స్ దగ్గర, అంటే షీట్లు ఉండే ఫోల్డర్ల జాబితా దగ్గర. ఒకే పేరుతో రెండు చోట్ల షీటు ఉంటే, జాబితాలో కింద ఉన్న పాత్‌దే చెల్లుతుంది. కాబట్టి కమ్యూనిటీ పైన, రీడ్‌ఓన్లీ ట్రూతో (మార్చకుండా) ఉండాలి. మీ సొంత షీట్ల పర్సనల్ కింద, ఫాల్స్‌తో ఉండాలి. తారుమారైతే మీరు రాసుకున్న టార్ షీటు బదులు ఎప్పుడూ కమ్యూనిటీదే కనిపిస్తుంది. కమ్యూనిటీ షీటును ఎడిట్ చేయబోతే దాని కాపీ పర్సనల్‌లోకి వచ్చి తెరుచుకుంటుంది. కాన్ఫిగ్ ఫైలు యామల్ ఫార్మాట్‌లో ఉంటుంది కనుక ఇండెంట్‌కి స్పేసులే వాడాలి, ట్యాబ్ పడితే ఎర్రర్ ఇస్తుంది.

కాన్ఫిగ్‌లో పేజర్‌గా (పొడవైన షీటును పేజీలుగా చూపే ప్రోగ్రాముగా) లెస్ పెట్టి ఎఫ్, ఆర్, ఎక్స్ ఆప్షన్లు మూడూ ఇవ్వండి. రంగులిచ్చే కలరైజ్ సెట్టింగు ఆన్‌లో ఉండి ఆర్ లేకపోతే రంగుల బదులు ఎస్కేప్ కోడ్లు కనిపిస్తాయి.

కొత్త షీటుకి చీట్ కమాండ్ తర్వాత హైఫన్ ఈ, పక్కన పేరు. పేరుకి ఎక్స్‌టెన్షన్ వద్దు. షీటు లోపల వెతకడానికి హైఫన్ ఎస్.

వివరణలు తెలుగులో హాయిగా రాసుకోవచ్చు. లొకేల్ (సిస్టమ్ భాష సెట్టింగు) మాత్రం యూటీఎఫ్-8 ఉండాలి, లేకపోతే లెస్‌లో అక్షరాల చోట బైట్ల సంఖ్యలు వస్తాయి. టెర్మినల్ అక్షరాలను సమానమైన గళ్లలో పేరుస్తుంది కాబట్టి కొన్ని టెర్మినల్స్‌లో ఒత్తులు చెదిరిపోతాయి. అందుకే వివరణ ఒక లైన్‌లో, కమాండ్ కింది లైన్‌లో ఉండాలి. అప్పుడు కమాండ్ శుభ్రంగా కాపీ అవుతుంది. షీట్లను విడదీసుకోవడానికి పెట్టే ట్యాగులు ఇంగ్లిష్ లిపిలో ఉంటే కీబోర్డు మార్చే పని తప్పుతుంది.

ఒక ప్రాజెక్టుకే పరిమితమైన నోట్సుకి ఆ ఫోల్డర్‌లోనే డాట్ చీట్ అనే ఫోల్డర్ పెట్టండి, అక్కడ ఉన్నప్పుడు అదీ పాత్స్‌లో చేరుతుంది. పర్సనల్ ఫోల్డర్‌ని గిట్‌లో ఉంచండి, పాస్‌వర్డులూ టోకెన్లూ మాత్రం అందులో రాయొద్దు.