రెసిడెన్సీ పర్సనల్ స్టేట్‌మెంట్: అవతల చదివేవాళ్లు ఏం చూస్తారు

నీట్‌కైనా, నీట్ పీజీకైనా ర్యాంకు, ఆప్షన్లు, అంతే. వైజాగ్‌లో ఎంబీబీఎస్ చదివి కేజీహెచ్‌లో హౌస్ సర్జన్సీ ముగించినవాళ్లని అప్పటిదాకా మీ గురించి ఒక పేజీ రాయమని ఎవరూ అడగరు. అమెరికా రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ ట్రైనింగ్‌కి, అప్లై చేస్తేనే ఆ పని పడుతుంది; ఆ పేజీయే పర్సనల్ స్టేట్‌మెంట్. సీటంతా దానిమీదే ఉందని కొందరు హడలగొడతారు, ఎవరూ చదవరని కొందరు తీసిపారేస్తారు. రెండు మాటలూ నమ్మొద్దు.

ఈరాస్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు సిస్టమ్‌లో పెట్టినవి సెప్టెంబరు చివర్లో ప్రోగ్రాములకి, అంటే ట్రైనింగ్ ఇచ్చే ఆసుపత్రుల విభాగాలకి, కనిపిస్తాయి. మొదట ఫిల్టర్లు పడతాయి: అమెరికా లైసెన్సు పరీక్షల్లో ఒకటైన స్టెప్ 2 సీకే స్కోరు, అటెంప్టులు, పాసై ఎన్నేళ్లయింది, వీసా కావాలా. ఇక్కడ ఆగిపోయిన ఫైల్లో వ్యాసం ఎంత బాగున్నా తెరిచేవాళ్లుండరు. దాటినవాటిని ఫ్యాకల్టీకి పంచుతారు. చాలాచోట్ల స్కోరు షీటు ఉంటుంది, అందులో స్టేట్‌మెంట్‌ది చిన్న వాటా. 2022 జనవరిలో ఆ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 స్కోరు తీసేసి పాస్, ఫెయిల్‌గా మార్చాక మాత్రం అంకెలు కాని కాగితాలమీద కొంత బరువు పెరిగింది.

ఫైలుకి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో చదివేవాళ్లు కథ బాగుందా అని చూడరు, మిగతా ఫైలుతో పొసగుతుందా అని చూస్తారు. రీసెర్చ్ అంటే ప్రాణమని రాసి, అనుభవాల పేజీలో ఒక్క కాన్ఫరెన్స్ పోస్టరు కూడా లేకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది. రెండేళ్ల గ్యాప్ గురించి మాటే లేకపోతే చదివేవాళ్లే ఏదో ఒకటి ఊహించుకుంటారు, ఆ ఊహ మీకు మేలు చేసేదై ఉండదు. ఏం జరిగింది, ఆ కాలంలో ఏం చేశారు, రెండు వాక్యాలు చాలు. ఎవరిమీదా నెపం పెట్టొద్దు.

ఇక మొదటి పేరా. తాతగారు పోయినప్పుడు డాక్టరవ్వాలనిపించింది అనే ఎత్తుగడ వాళ్లకి కంఠతా వచ్చు. పైగా అది డాక్టరెందుకు అయ్యారో చెబుతుంది. మీరు ఆల్రెడీ డాక్టరే కదా! ఈ బ్రాంచే ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న.

ఇంటర్నల్ మెడిసిన్‌కి రాస్తున్నారనుకుందాం. "కేజీహెచ్‌లో ఎందరో కిడ్నీ రోగుల్ని చూశాను, నా మనసు కదిలింది" అన్న వాక్యానికి ఎవరూ మార్కు వెయ్యలేరు, ఎందుకంటే అందులో మీరు చేసిందేమీ లేదు. దాన్ని ఇలా విప్పండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన రైతు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అప్పటికే బాగా ఎక్కువ, షుగరు లేదు, బీపీ పెద్దగా లేదు, యూరిన్‌లో ప్రొటీన్ కొద్దిగానే. అప్పుడు మీరేం అడిగారు? తాగే నీరు ఎక్కడిది, ఒళ్లు నొప్పులకి ఏ మాత్రలు వాడాడు, ఎండలో ఎన్ని గంటలు పని, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? జవాబులు విన్నాక మీ ఆలోచన ఏమైనా మారిందా? ఇక్కడే మీ క్లినికల్ బుర్ర కనబడుతుంది. శ్రీకాకుళం తీరంలో కిడ్నీ జబ్బు విపరీతంగా ఉందనీ, కారణం ఇంకా తేలలేదనీ అవతలివాళ్లకి తెలియకపోవచ్చు; దానికి ఒక్క వాక్యం కేటాయించండి. రోగి పేరు, ఊరు, బెడ్ నంబరు మాత్రం రాయొద్దు.

మనవాళ్లు గర్వంగా రాసుకునే ఇంకో సంగతి బెడిసికొడుతుంది: క్యాజువాలిటీలో రాత్రంతా ఒంటరిగా ప్రొసీజర్లు చేశాననడం. మన వార్డుల రద్దీ తెలిసినవాళ్లకి అది మామూలే, అమెరికా ఫ్యాకల్టీకి మాత్రం సూపర్‌విజన్ ఏదీ అనిపిస్తుంది. పక్కన పీజీ ఉంటే ఆ మాట రాయండి. అలాగే హౌస్ సర్జన్ అని రాస్తే సర్జరీ చేశారనుకుంటారు. ఇంటర్న్ అనండి.

నిడివి ఒక పేజీ, 600 నుంచి 700 పదాలు. సిస్టమ్ 28,000 అక్షరాలదాకా తీసుకుంటుంది కదా అని నింపకండి. వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేస్తే కొటేషన్ గుర్తులు పాడవుతుంటాయి, నోట్‌ప్యాడ్ మీదుగా తీసుకెళ్లండి. ఎంఎస్ చదువుకి వెళ్లేవాళ్లకి ఎస్‌ఓపీలు (ఇలాంటి వ్యాసాలే) రాసిపెట్టే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. వేరేచోట నుంచి కాపీ కొట్టిన వాక్యాలని తేలితే ఆ సంగతి ఈరాస్ మీరు అప్లై చేసిన ప్రోగ్రాములకి తెలియజేయొచ్చని నిబంధన ఉంది. పట్టుబడకపోయినా, ఇంటర్వ్యూలో ఆ పేజీ ముందు పెట్టుకునే అడుగుతారు, మీది కాని పేరామీద రెండో ప్రశ్నకే నోట మాట రాదు.

రెండు బ్రాంచీలకి పెడుతుంటే రెండు స్టేట్‌మెంట్లు రాసి, ఏ ప్రోగ్రాముకి ఏది అన్నది విడిగా కేటాయించాలి. పీడియాట్రిక్స్ వ్యాసం ఇంటర్నల్ మెడిసిన్ వాళ్లకి వెళ్లడం అరుదేమీ కాదు. సబ్మిట్ నొక్కేముందు జాబితా మొత్తం ఒక్కొక్కటిగా, వీలైతే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి.