హాట్‌స్పాట్ల లిస్టు పక్కన పెట్టి శేషాచలం చదివాను

ఫారెస్ట్ సర్వీసుకి బోటనీ ఆప్షనల్‌తో చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్రూప్-1 వాళ్లకీ సగం పనికొస్తుంది. అరుదైన అడవి మొక్కలున్న ప్రాంతాల్ని ఎలా గుర్తిస్తారు, ఎలా కాపాడతారు అన్నది సిలబస్‌లో చూడటానికి చిన్న టాపిక్కే. మామూలు నోట్సులో రెండు పేజీలుంటుంది. ప్రపంచంలో హాట్‌స్పాట్లు (ఇంకెక్కడా లేని జీవజాతులు ఎక్కువగా ఉండి, ముప్పులో పడ్డ ప్రాంతాలు) 36, మన దేశాన్ని తాకేవి 4, కింద బయోస్ఫియర్ రిజర్వుల పట్టిక. ప్రిలిమ్స్‌కి అది చాలు. మెయిన్స్‌లో "ప్రమాణాలను విమర్శనాత్మకంగా చర్చించండి" అని అడిగితే మాత్రం ఆ రెండు పేజీలూ చేతులెత్తేస్తాయి.

నేను ఒక కొండను పట్టుకుని చదివాను. రాయలసీమ వాడిని కాబట్టి శేషాచలం. మీకు నల్లమల దగ్గరైతే నల్లమల తీసుకోండి, పాడేరు వైపైతే ఆ కొండలు తీసుకోండి. పుస్తకంలో ఏ ప్రమాణం కనబడినా తెచ్చి ఆ కొండకి పెట్టి చూడటం, సరిపోయిందా లేదా, లేకపోతే ఎందుకు లేదు అని రాసుకోవడం. పద్ధతి అంతే.

మొదట హాట్‌స్పాట్‌తోనే మొదలుపెట్టాను. బ్రిటన్ పర్యావరణవేత్త నార్మన్ మైయర్స్ 1988లో తెచ్చిన ఆలోచన ఇది. ఇప్పుడు వాడే షరతులు రెండు. ఆ ప్రాంతానికే పరిమితమైన నాళికా మొక్కల (నీరు, ఆహారం మోసే నాళాలున్న మొక్కల) జాతులు కనీసం 1,500 ఉండాలి. అసలున్న సహజ వృక్షసంపదలో కనీసం 70 శాతం పోయి ఉండాలి. రెండూ కలిస్తేనే హాట్‌స్పాట్. మన నాలుగూ హిమాలయం, ఇండో-బర్మా, పశ్చిమ కనుమలు-శ్రీలంక, నికోబార్ ద్వారా సుందాలాండ్ (ఆగ్నేయాసియా దీవుల ప్రాంతం). శేషాచలం ఉన్న తూర్పు కనుమలు ఇందులో లేవు.

ఇక్కడే కాస్త ఆగాలి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తమ్మీద తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. తంబజాలరి, కొండ సాంబ్రాణి, తెల్ల కరక, మొగి కూడా ఈ చుట్టుపక్కల కొండలకే ప్రత్యేకం. అయినా లిస్టులో చోటు లేదు. అది మైయర్స్ తప్పేం కాదు. ఉన్న కొద్దిపాటి డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి తయారైన లెక్క అది. ఖండాల స్థాయిలో చూస్తుంది. ఒక కొండచరియ మీద మాత్రమే బతికే మొక్క ఆ స్థాయిలో కనబడదు. హాట్‌స్పాట్ మీద విమర్శ రాయమంటే నేను మొదట రాసే పాయింట్ ఇదే, ఉదాహరణ శేషాచలం. మూల్యాంకనం చేసేవాళ్లు ఎన్నోసార్లు చదివిన వాక్యాలకన్నా ఒక సొంత ఉదాహరణ బరువుగా ఉంటుందని నా నమ్మకం.

ఆ స్థాయిలో జారిపోయినవాటి కోసం వచ్చిందే 'ముఖ్య వృక్ష ప్రాంతాలు' అనే పద్ధతి. బ్రిటన్‌కి చెందిన ప్లాంట్‌లైఫ్ సంస్థ దీన్ని ముందుకు తెచ్చింది. మూడు ప్రమాణాల్లో ఏ ఒక్కటి నెగ్గినా సరిపోతుంది: ముప్పులో ఉన్న జాతులు గణనీయంగా ఉండటం, వృక్ష వైవిధ్యం దండిగా ఉండటం, ఆవాసమే ముప్పులో ఉండటం. మొదటి రెండిటినీ కలిపేయకండి. ఎన్ని రకాలున్నాయన్నది ఒక ప్రశ్న, వాటిలో ముప్పులో ఉన్నవి ఎన్ని అన్నది వేరే ప్రశ్న. మనుషులు తిరిగి పాడైన అడవి అంచున కూడా రకాలు బోలెడు లెక్కకొస్తాయి, వాటిలో సగం బయటి కలుపు మొక్కలే కావచ్చు. లండన్‌లోని క్యూ ఉద్యానవనం వాళ్లు ఇదే పద్ధతిని ఉష్ణమండల దేశాలకి తీసుకెళ్లి పశ్చిమాఫ్రికాలోని గినీలో 22 ప్రాంతాలు గుర్తించారు. దీనికి అంతర్జాతీయంగా దన్నుగా నిలిచింది జీవవైవిధ్య ఒప్పందం కింద 2002లో హేగ్‌లో ఆమోదించిన ప్రపంచ వృక్ష సంరక్షణ వ్యూహం. అందులో 5వ లక్ష్యం చూడండి. ముఖ్యమైన వృక్ష ప్రాంతాల్లో సగానికి 2010 కల్లా రక్షణ అన్నారు, 2010లో నగోయాలో దాన్ని 2020 కల్లా 75 శాతం చేశారు. 2022 నాటి కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలోని 30 శాతం లక్ష్యం భూమికీ సముద్రానికీ కలిపి ఉన్నది, మొక్కలకి విడిగా కాదు. ఈ తేడా రాస్తే సమాధానం ఎత్తు పెరుగుతుంది.

ఇక ఐయూసీఎన్, అంటే ఏ జాతికి ఎంత ముప్పుందో హోదాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ. చాలామంది 'ఎండేంజర్డ్', 'వల్నరబుల్' అని కంఠస్థం చేసి వదిలేస్తారు. ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూడండి, మళ్లీ మర్చిపోరు. ఒక మొక్క మూడు చోట్ల కనబడిందనుకుందాం. పటం మీద 2 కిలోమీటర్ల భుజంతో గళ్లు గీయాలి. మూడు చోట్లూ రెండు గళ్లలో పడితే ఆక్రమిత విస్తీర్ణం 8 చదరపు కిలోమీటర్లు. 10 కన్నా తక్కువ కాబట్టి 'క్రిటికల్లీ ఎండేంజర్డ్' అని రాసేద్దామనిపిస్తుంది. కుదరదు. విస్తీర్ణం ఒక్కటే చాలదు, ఇంకో మూడిటిలో రెండు నెగ్గాలి: ముక్కలు ముక్కలుగా విడిపోవడం లేదా ఒకే 'స్థలం'లో ఉండటం, తగ్గుదల కొనసాగుతుండటం, సంఖ్య విపరీతంగా పెరుగుతూ తరుగుతూ ఉండటం. 'స్థలం' అన్నా పటం మీద చుక్క అని కాదు. ఒకే ముప్పు ఒకే దెబ్బకి తుడిచిపెట్టగల ప్రాంతమంతా ఒక స్థలం కిందే లెక్క. ఒక్క వేసవి మంట మూడు చోట్లకీ పాకగలిగితే మూడూ కలిపి ఒకటే.

ఈ ముక్క నాకు పుస్తకంలో అంతగా ఎక్కలేదు, కొండ మీద ఎక్కింది. తిరుమల కొండల్లో పెరిగే పేరీత, అంటే సైకస్ బెడ్డోమై, చూడటానికి తెలిసిన బీట్ ఆఫీసర్ ఒకాయనతో వెళ్లాను. ఎండిన బోద మధ్య పొట్టి మాను, ఒళ్లంతా పాత ఆకుమట్టల పెచ్చులు, అవి మసిబారి నల్లగా ఉన్నాయి. సన్నటి ఆకుల అంచులు కిందికి ముడుచుకుని ఉన్నాయి. ఇంత మంటలోనూ బతికిందే అన్నాను. "మంటకి మాను చావదు నాయనా, మళ్లీ చిగురేస్తాది. కింద పిల్లమొక్క ఒక్కటి చూపించు చూద్దాం" అన్నాడాయన. వెతికాను. కనబడలేదు. పైగా సైకస్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మందు పేరుతో మగ శంకువులు కోసుకుపోతే ఆడ మొక్క ఉన్నా విత్తనం పట్టదు. పెద్ద మొక్కల సంఖ్య మాత్రమే చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పునరుత్పత్తి గురించి పాఠ్యపుస్తకంలో పేరాలకు పేరాలున్నది ఇదే.

చట్టం దగ్గర పాత నోట్సుతో జాగ్రత్త. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆరో షెడ్యూల్లో ఆరు మొక్కలని చాలా పుస్తకాల్లో ఇంకా ఉంది. పేరీత వాటిలో ఒకటి. 2022 సవరణ తర్వాత షెడ్యూళ్లు నాలుగే, మొక్కలు మూడో షెడ్యూల్లోకి వచ్చాయి, నాలుగోది సైటిస్ (అడవి జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాతులకి. ఎర్రచందనం హోదా కూడా మారుతూ వచ్చింది. 2018లో 'నియర్ థ్రెటెన్డ్'కి దించారు, 2021లో మళ్లీ 'ఎండేంజర్డ్' చేశారు. సైటిస్‌లో అది రెండో అనుబంధం, పేరీత మొదటి అనుబంధం. జీవవైవిధ్య చట్టం, 2002లో రెండు సెక్షన్లు చాలు. 37 కింద రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలతో సంప్రదించి వారసత్వ స్థలాలు ప్రకటిస్తుంది. 38 కింద కేంద్రం అంతరించే అంచున ఉన్న జాతుల్ని నోటిఫై చేస్తుంది. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయిందని అందరికీ తెలుసు కానీ, బయోస్ఫియర్ రిజర్వుకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. లోపల ఉన్న శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కుకి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, దాని బయటి భాగాల సంగతి వేరు.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. మన దగ్గర అడవి హద్దులు ఎక్కువగా జంతువు కోసం గీసినవి, మొక్క ఆ నీడలో బతుకుతోంది. పులికి వందల చదరపు కిలోమీటర్లు కావాలి. అరుదైన మొక్కకి ఒక్కోసారి ఒక్క వాగు గట్టు చాలు, కానీ ఆ గట్టు హద్దుకి అవతల పడితే అడిగే నాథుడుండడు. మేఘాలయ ఈ విషయంలో మేలు. గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర కూజా మొక్కకే (పిచర్ ప్లాంట్) ఒక అభయారణ్యం ఉంది, నోక్రెక్‌లో అడవి నారింజని కాపాడుతున్నారు. అరుణాచల్‌లో సెస్సా ఆర్కిడ్ అభయారణ్యం, సిక్కింలో సింగ్బా రోడోడెండ్రాన్ అభయారణ్యం కూడా రాసుకోండి. పది మార్కుల సమాధానంలో ఇవి రెండు పడితే చాలు.

ఎక్స్-సిటు, అంటే మొక్కని దాని సహజ చోటుకి బయట కాపాడటం గురించి పెద్దగా చెప్పను. విత్తన బ్యాంకు, టిష్యూ కల్చర్, బొటానికల్ గార్డెన్ అని అందరూ రాస్తారు, మీరూ రాయండి, ఒక పేరా దాటనివ్వకండి.

సమాధానంలో చిన్న పటం తప్పకుండా వేయండి. కొండ, దాని మీద పార్కు హద్దు, హద్దు బయట ఒక చుక్క, ఆ చుక్కకి మొక్క పేరు. నిమిషం కూడా పట్టదు. సమాచారం కోసం బొటానికల్ సర్వే వెబ్‌సైట్, ఐయూసీఎన్ సైట్ నేరుగా చూడండి, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లలో హోదాలు పాతవి ఉంటాయి. ఇంకొకటి, ఫారెస్ట్ సర్వీసులో మగవాళ్లకి నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకి 14 కిలోమీటర్లు నడక పరీక్ష ఉంటుంది. ఆ ప్రాక్టీసు ఊళ్లో రోడ్డు మీద కాకుండా, అనుమతి ఉన్న కొండదారిలో చేయండి. దారిలో కనబడ్డ చెట్ల తెలుగు పేరు పక్కనే శాస్త్రీయ నామం రాసుకుంటూ పోతే ఆప్షనల్‌లో వర్గీకరణ భాగం కూడా అక్కడే సగం అయిపోతుంది.