పాత టీవీకి ఆండ్రాయిడ్ స్టిక్ అమర్చిన వైనం

కడపలో మా నాయన గదిలో ఉన్న 32 అంగుళాల టీవీ స్మార్ట్ టీవీ కాదు. అయినా బొమ్మ ఇప్పటికీ చక్కగా వస్తున్నందున దానిని మార్చే ఆలోచన ఎవరికీ లేదు. ఆయనకు యూట్యూబ్‌లోని పౌరాణిక నాటకాల పద్యాలను పెద్ద తెర మీద చూపించాలని ఆండ్రాయిడ్ మినీ పీసీ స్టిక్ ఒకటి తెచ్చాను. 2012లో ఎంకే802 అనే స్టిక్ వచ్చినప్పటి నుంచి వీటి రూపం పెద్దగా మారలేదు. ప్రాసెసర్, మెమరీ, వైఫై అన్నీ అందులోనే ఉంటాయి, బొమ్మా శబ్దమూ హెచ్‌డీఎంఐ పోర్టు గుండా టీవీకి చేరతాయి.

అసలు చిక్కంతా కరెంటు దగ్గరే వచ్చింది. హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి అందే కరెంటు స్టిక్‌కు ఏమాత్రం చాలదు కనుక దానికి వేరుగా యూఎస్‌బీ తీగ ఇవ్వాలి. "టీవీకే యూఎస్‌బీ ఉండగా ఇంకో ప్లగ్గు ఎందుకు బావా?" అని మా బావమరిది తీగను టీవీ వెనుకే గుచ్చాడు. లోగో కనిపించింది, హోమ్ స్క్రీన్ కూడా వచ్చింది, కానీ వీడియో మొదలవగానే స్టిక్ ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి లేవసాగింది. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. మా స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ మీద రాసి ఉన్నది 5 వోల్టులు, 2 ఆంపియర్లు. ఊరికే హోమ్ స్క్రీన్ చూపడానికి సరిపోయిన కరెంటు, వీడియోతో పాటు వైఫై కూడా పని చేయవలసి వచ్చేసరికి చాలలేదన్నమాట. అడాప్టర్‌ను గోడ ప్లగ్గుకు పెట్టిన తరువాత ఆ బాధ పూర్తిగా పోయింది.

స్టిక్‌ను నేరుగా టీవీకి గుచ్చితే అది గోడకూ టీవీకీ మధ్య ఇరుక్కుంటుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మా ఊళ్ళో ఆ సందులో గాలి ఆడక, ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, వీడియో తడబడుతుంది. అందువల్ల చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ తీగ వేసి స్టిక్‌ను టీవీ పక్కకు తెచ్చాను. టీవీ వెనుక రేకు అడ్డు తొలగడంతో వైఫై సిగ్నల్ కూడా మెరుగుపడింది.

తెర అంచులు కత్తిరించినట్టు కనిపిస్తే స్టిక్‌ను తప్పుపట్టనక్కరలేదు. అది ఓవర్‌స్కాన్, అంటే టీవీయే బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులను తెర బయటికి నెట్టడం. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో 'స్క్రీన్ ఫిట్', 'జస్ట్ స్కాన్' వంటి పేర్లతో ఉండే ఎంపికతో సరిపోతుంది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి గడియారం. మా స్టిక్‌లో సమయం నిలుపుకునే బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయేది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలు ఉంటాయి గనుక, తేదీ తప్పితే ఇంటర్నెట్ బాగానే ఉన్నా యూట్యూబ్ తెరుచుకోదు. తేదీని నెట్‌వర్క్ నుంచి తీసుకునేలా సెట్ చేసి, స్టిక్‌నూ రౌటర్‌నూ ఇన్వర్టర్ లైనుకు మార్చిన తరువాత ఆ సమస్య తీరింది.

నెట్‌ఫ్లిక్స్ వంటివి చూడదలచినవారు మాత్రం కొనే ముందు ఆలోచించుకోవాలి. వీడియోలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ పద్ధతి వైడ్‌వైన్‌లో పై స్థాయి అయిన ఎల్1 ధ్రువీకరణ లేని స్టిక్‌లలో వాటి బొమ్మ 480పీ అనే తక్కువ స్పష్టత దగ్గరే ఆగిపోతుంది, ఏ సెట్టింగు మార్చినా పెరగదు. పద్యాలకు ఆ పట్టింపు లేదు గనుక మాకు ఇది చాలు. వెతకడానికి గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టి, వైర్‌లెస్ కీబోర్డు తగిలించాను. నాయన దానిని ముట్టుకోరు, కావలసిన పద్యం పేరు చెప్పి మా అమ్మాయి చేత కొట్టించుకుంటారు.