భోగి పొగమంచులో నెల్లూరు దారి

చెన్నైలో చలికాలం అంటే ఈశాన్య రుతుపవనాలు తిరుగుముఖం పట్టిన తరువాత వచ్చే నెలా నెలన్నర మాత్రమే. ఈ నగరంలో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, అది కూడా 1895 డిసెంబరులోనూ, మళ్లీ 1905 జనవరిలోనూ నమోదైంది. అందువల్ల ఇక్కడ కారు నడిపేవారు వానకు భయపడతారు, సొరంగ మార్గాల్లో నిలిచే నీటికి భయపడతారు, తుపాను హెచ్చరికలను శ్రద్ధగా వింటారు గాని చలికాలపు ఉదయాన్ని ప్రమాదంగా లెక్కవేయరు. ఏడాది మొత్తంలో ఏ కొద్ది ఉదయాల్లోనో మాత్రమే దట్టమైన పొగమంచు పడుతుంది. ఆ కొద్ది ఉదయాల్లో ఒకటి దాదాపు ఏటా భోగి పండుగే అవుతుంది. సరిగ్గా ఆ ఉదయమే పెరంబూరు, వ్యాసర్పాడి, చాకలిపేట ప్రాంతాల తెలుగు కుటుంబాలు నెల్లూరు వైపు, ఒంగోలు వైపు పండుగకు బయలుదేరతాయి.

మేమూ అలాగే బయలుదేరాము. మా అన్నయ్య నెల్లూరు దగ్గర ఉంటాడు. ఆ సాయంత్రం ఆయన మనవడికి భోగిపళ్లు పోయవలసి ఉంది. రెడ్ హిల్స్ దాటే లోపల రద్దీ పెరిగితే టోల్‌గేటు దగ్గరే గంటలు గడిచిపోతాయి కాబట్టి తెల్లవారకముందే ఊరు దాటాలని అనుకున్నాము. కారు నేను నడిపాను. పక్క సీటులో మా బావగారు, వెనుక మా అక్క, నా భార్య కూర్చున్నారు. బావగారు రైలింజను నడిపి పదవీ విరమణ చేసినవారు. చెన్నై నుంచి గూడూరు మీదుగా విజయవాడ వరకు ఆ దారి ఆయనకు కంఠస్థం. ఆ రోజు ఆయన పక్కన ఉండడం వల్ల నేను నేర్చుకున్నది చాలా ఉంది కాబట్టి, ఈ ప్రయాణాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

పెరంబూరు వీధుల్లో అప్పటికే మంటలు వేశారు. పిల్లలు చిన్న చిన్న భోగి డప్పులు పట్టుకొని వాయిస్తున్నారు. పాత చాపలు, విరిగిన కుర్చీలు, తాటాకులు కాలుతుంటే వచ్చే పొగ ఒక రకం. దానికి కళ్లు మండినా ఊపిరి ఆడుతుంది. కొన్ని మలుపుల దగ్గర టైర్లు, ప్లాస్టిక్ సామాను కూడా మంటలో వేశారు. ఆ పొగ నల్లగా, జిడ్డుగా, ముక్కు లోపల అంటుకొని కారు అద్దాలు పూర్తిగా మూసినా లోపలికి వచ్చింది. టైర్లు, ప్లాస్టిక్ కాల్చవద్దని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఏటా పండుగకు ముందు విజ్ఞప్తి చేస్తూనే ఉంది. 2018 జనవరి 13న, భోగి నాడు, ఇదే పొగ మంచుతో కలిసి మీనంబాక్కం విమానాశ్రయాన్ని కమ్మేయడంతో ఆ ఉదయం విమానాల రాకపోకలు నిలిచిపోయాయి. కొన్నింటిని వేరే నగరాలకు మళ్లించారు, కొన్నింటిని రద్దు చేశారు. విమానాలే ఆగిపోయేంత పొగలో మనం కార్లు, మోటారు సైకిళ్లు మాత్రం ఆపకుండా నడుపుతున్నామన్న సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

పొగకూ మంచుకూ ఉన్న సంబంధాన్ని ఇక్కడే చెప్పాలి. డిసెంబరు వరకు కురిసిన వానలకు నేల ఇంకా తడిగానే ఉంటుంది, పుళల్, చోళవరం చెరువుల్లో నీరు ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకొని ఉన్న తేమ గాలి కూడా చల్లబడి సన్నని నీటి బిందువులుగా మారుతుంది. ఆ బిందువు ఏర్పడడానికి ఒక రేణువు ఆధారం కావాలి. మంటల నుంచి లేచిన మసి రేణువులు అలాంటి ఆధారాన్ని లెక్కలేనంతగా అందిస్తాయి. రేణువులు ఎక్కువైన కొద్దీ బిందువులు మరింత సన్నగా, మరింత దట్టంగా ఏర్పడి వెలుతురును చెదరగొడతాయి. పైన వెచ్చని గాలి పొర మూతలాగా కూర్చోవడంతో ఇదంతా పైకి పోలేక రహదారి ఎత్తులోనే నిలిచిపోతుంది. నీటి మంచు ప్రకృతి వల్ల వచ్చినా, దాన్ని చూపు ఆనని గోడగా మార్చడంలో మన చేతులు ఉన్నాయి.

మాధవరం బస్టాండు దాటేవరకు వీధి దీపాల వల్ల ఇబ్బంది పెద్దగా తెలియలేదు. రెడ్ హిల్స్ దాటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద సాగుతున్నప్పుడు, చెరువు గాలి తగిలే చోట, ముందు వెళ్తున్న బస్సు ఒక్కసారిగా కనబడకుండా పోయింది. అది ఎక్కడికీ మలుపు తిరగలేదు. దాని వెనుక దీపాలు ముందు గులాబి రంగుకు మారి, తరువాత మరకలై, ఆ తరువాత లేవు. నా చేయి అలవాటుగా హైబీము మీదికి పోయింది. బావగారు నా మణికట్టు పట్టుకొని, "వద్దు, కిందికే ఉంచు. పై వెలుతురు వేస్తే ఆ బిందువులన్నీ దాన్ని నీ కళ్లలోకే తిప్పికొడతాయి" అన్నారు. ఆయన మాట ప్రకారం కింది దీపాలు, బంపరులోని ఫాగ్ ల్యాంపులు మాత్రమే వేస్తే, ఎడమ అంచున గీసిన తెల్లని గీత కారు ముందు కొంత దూరం వరకు స్పష్టంగా కనిపించింది.

అంతలో ముందు అద్దం కూడా తెల్లబడింది. లోపలి వైపు పట్టిన ఆవిరి అనుకొని నా భార్య గుడ్డతో తుడిచింది గాని అది పోలేదు. తడి బయటి వైపు ఉంది. చెన్నై గాలిలో తేమ ఎంత ఎక్కువంటే, లోపల ఏసీ గాలి అద్దానికి తగిలి అద్దం చల్లబడగానే, బయటి గాలిలోని తేమ దాని మీద చేరి సన్నని పొరగా కూర్చుంటుంది. వైపర్ ఒకసారి తిప్పితే పోయి, అర నిమిషంలో మళ్లీ వచ్చింది. ఏసీ చల్లదనం తగ్గించి, గాలిని అద్దం మీదికి కాకుండా కాళ్ల వైపు మళ్లించిన తరువాత గాని అద్దం నిలకడగా తేటపడలేదు. చలి దేశాల వారికి రాసిన సలహాలు లోపలి ఆవిరి గురించే చెబుతాయి. మన తీరంలో బయటి ఆవిరి సంగతి కూడా తెలిసి ఉండాలి.

వాతావరణ శాఖ లెక్కలో కిలోమీటరు లోపు మాత్రమే కనిపిస్తే పొగమంచు, 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. మేము ఉన్నది ఏ తరగతిలోనో తెలుసుకోవడానికి బావగారు తమ ఉద్యోగపు పద్ధతినే వాడారు. రైల్వే స్టేషన్లలో 180 మీటర్ల దూరాన ఒక గుర్తును నిర్ణయించి ఉంచుతారట. స్టేషన్ మాస్టరు తాను నిలబడిన చోటి నుంచి అది కనిపించకపోతే పొగమంచు నియమాలను అమలు చేస్తారు. సిగ్నల్‌కు 270 మీటర్ల ముందే పట్టాల మీద రెండు డిటోనేటర్లను పది మీటర్ల ఎడంతో అమరుస్తారు. ఇంజను చక్రం కింద అవి పేలిన శబ్దం విని, కంటికి కనబడని సిగ్నల్ దగ్గరపడిందని డ్రైవరు గ్రహిస్తాడు. "మాకు చెవి సాయం ఉండేది. రోడ్డు మీద నీకు ఆ సాయం లేదు. కాబట్టి కనబడినంత దూరంలోనే ఆగగలిగేటట్టు నడపాలి, అంతే" అని ఆయన చెప్పారు.

ఆ మాటను లెక్కలో పెట్టి చూస్తే ఎంత కఠినమైనదో తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. ఆటంకాన్ని చూసి బ్రేకు మీద కాలు వేసే లోపల పాతిక మీటర్లు, బ్రేకు పట్టి బండి ఆగే లోపల మరో పాతిక మీటర్లు గడుస్తాయి. అంటే యాభై మీటర్లే కనిపించే మంచులో 60 వేగం కూడా మితిమీరినదే. అదే 30 వేగంలో మొత్తం ఇరవై మీటర్లలో ఆగవచ్చు. ఉత్తరాదిన ఈ సంగతిని నియమంగానే పాటిస్తున్నారు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు కార్ల గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 75కు తగ్గిస్తారు. మన దారిలో అలాంటి అలవాటు లేదు. మమ్మల్ని దాటిపోయిన కార్లు ఎండలో వెళ్లినట్టే వెళ్లాయి. కొన్నింటికి ముందు పగటి దీపాలు, అంటే ఇంజను నడుస్తున్నంతసేపు వాటంతట అవే వెలిగే చిన్న దీపాలు, వెలుగుతున్నాయి గాని వెనుక ఒక్క దీపమూ లేదు. ముందు వెలుతురు కనిపిస్తున్నందున దీపాలు వేశామనే ఆ డ్రైవర్లు నమ్మి ఉంటారు. అనేక కార్లలో పగటి దీపాలతో పాటు వెనుక దీపాలు వెలగవు, స్విచ్ వేరుగా తిప్పాలి. మరి కొందరు నాలుగు ఇండికేటర్లనూ మెరిపిస్తూ నడిపారు. ఆ బండి ఆగి ఉందో, కదులుతోందో, పక్క వరుసలోకి మారబోతోందో వెనుకవారికి తెలియదు. 2017 ఏప్రిల్ తరువాత తయారైన ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు దానంతట అదే వెలుగుతూ ఉండడం ఆ ఉదయం ఎంత మేలు చేసిందో కళ్లారా చూశాను.

కారనోడై దగ్గర కొసస్థలై నది వంతెన మీద మంచు మరింత చిక్కబడింది. ఏ వరుసలో వెళ్లాలన్నది అక్కడ మాకు పెద్ద ప్రశ్న అయింది. కుడి వరుసలో వేగంగా వచ్చేవారి భయం. ఎడమ అంచున ఆగి ఉన్న లారీల భయం. మధ్య వరుసలో నెమ్మదిగా సాగుతుండగా, దీపాల వెలుతురులో రోడ్డు మీద పచ్చగా ఏదో కనిపించింది. వేపకొమ్మ. దాని వెనుక మరొకటి, ఆ వెనుక వరుసగా మూడు రాళ్లు. ఆ తరువాత గాని లారీ కనబడలేదు. ఇరుసు విరిగి ఎడమ వరుసలో సగం, మధ్య వరుసలో సగంగా నిలిచిపోయిన చెరుకు లారీ అది. చెరుకు గడల కొసలు వెనుక తలుపును దాటి బారెడు బయటికి పొడుచుకొని వచ్చి, దాని ఎర్ర దీపాలను పూర్తిగా కప్పేశాయి. ప్రతిఫలించే పట్టీ మీద ఎండిన బురద పట్టి ఉంది. 30లో ఉన్నాము కాబట్టి కొమ్మ కనిపించిన చోటే ఆగగలిగాము. ఆ లారీ క్లీనరు కుర్రవాడు కొమ్మలను అంత దూరం తీసుకువెళ్లి వేయకపోతే ఏమయ్యేదో ఆలోచించను కూడా లేను. నాకు తెలిసి ఆ రహదారి మీద ఆ ఉదయం పనిచేసిన హెచ్చరిక బోర్డు అతడు విరిచి తెచ్చిన ఆ వేపకొమ్మే.

మరికొంత ముందుకు వెళ్లి ఒక పెట్రోలు బంకు ఆవరణలోకి, రోడ్డుకు బాగా లోపలికి, కారు తిప్పి ఆపాము. రోడ్డు అంచున ఆపవద్దని బావగారు గట్టిగా చెప్పారు. వెనుక వచ్చేవారు మన ఎర్ర దీపాన్ని కదిలే బండిగా భావించి దాన్నే అనుసరించి వచ్చి గుద్దుతారట. బంకులో అప్పటికే చాలా కుటుంబాలు ఆగి ఉన్నాయి. మా అక్క ఫ్లాస్కులోని కాఫీ పోస్తూ, సియాటిల్‌లో ఉన్న తన కూతురు చెప్పిన సంగతులు గుర్తు చేసుకుంది. అదీ సముద్రపు గాలి తగిలే, పెద్దగా గడ్డకట్టని ఊరే. హిమం అరుదుగా పడుతుంది. 2008 డిసెంబరులో పడిన హిమానికి అక్కడి ఏటవాలు వీధిలో రెండు బస్సులు జారి, వాటిలో ఒకటి గోడను ఛేదించుకొని కింద ఉన్న ప్రధాన రహదారి మీదికి వేలాడింది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. ఏటా హిమం పడే ఊళ్లలో చలికాలపు టైర్లు, ఉప్పు చల్లే బండ్లు, నేర్పు గల డ్రైవర్లు ఉంటారు. ఎప్పుడో ఒకసారి పడే ఊరిలో ఇవేవీ ఉండవు. మనకు హిమం లేదు గాని, కారనోడై దగ్గర నేను చూసింది అదే లోటు.

సూర్యుడు పైకి వచ్చిన తరువాత కూడా చాలాసేపు తెల్లదనం వెలిగిందే గాని విడలేదు. నేల వేడెక్కి గాలి కదలడం మొదలయ్యాక, ముందు చెట్ల తలలు, తరువాత విద్యుత్ స్తంభాలు, చివరికి రోడ్డు కనిపించాయి. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం, తడ సునాయాసంగా గడిచాయి. సూళ్లూరుపేటలో టిఫిను చేశాము. నాయుడుపేట, గూడూరు మీదుగా మధ్యాహ్న భోజనానికి అన్నయ్య ఇంటికి చేరాము. భోగిపళ్లకు ఏ ఆలస్యమూ కాలేదు. తెల్లవారకముందు బయలుదేరి మేము సంపాదించుకున్న సమయమంతా బంకులోనే ఖర్చయింది.

ఆ రాత్రి బావగారు మా బంధువులందరికీ ఫోను చేసి, కనుమ తరువాత తిరిగి వచ్చేవారు నాయుడుపేట దాటే వేళకు ఉదయం ఎనిమిదైనా అయి ఉండాలని, బయలుదేరే ముందు వెనుక దీపాలు వెలుగుతున్నాయో లేదో దిగి చూసుకోవాలని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పారు. నేను మా పెరంబూరు వీధి సంఘం కార్యదర్శికి ఫోను చేసి, వచ్చే భోగికి మా వీధి మంటలో టైరు పడకుండా చూసే బాధ్యత నాది అని చెప్పాను. పాత టైర్లు, ప్లాస్టిక్ సామాను పండుగకు వారం ముందే ఇంటింటా సేకరించి కార్పొరేషన్ బండికి అప్పగించడానికి ఆయన ఒప్పుకున్నారు.